నూకాలమ్మ కడిగిన సీసాలు

ఆ బెంగాలీ రైల్వే పట్నంలో మలంచా రోడ్డు మీద బస్సుల రొద మొదలవకముందే నూకాలమ్మకు మెలకువ వస్తుంది. రైల్వే బడి రసాయనశాలలో అటెండరుగా పదవీ విరమణ చేసి రెండేళ్లయింది. అయినా ఇరవై ఏళ్ల అలవాటు ఒంటిని వదలలేదు. ఈ ఉదయం కూతురు ఇందు గ్లాసు నీళ్లలో గ్లూకోజు పొడి వేయబోతుంటే చెయ్యి పట్టి ఆపింది.

"ఆగు. సల్లబడతాదా, ఏడెక్కుతాదా? ముందు సెప్పు."

"అమ్మా, తాగడానికీ పరీచ్చేనా!"

"ఎవాంజలిన్ టీచరమ్మ ఉండుంటే సెప్పందే గ్లాసు ముట్టనిచ్చీది కాదు."

ఆ పేరు నోట వచ్చిన పిమ్మట నూకాలమ్మ మనస్సు ఇంట్లో నిలువలేదు.

భర్త తవిటయ్య వర్క్‌షాపులో బేరింగులకు తెల్లలోహం పూసే పని చేసేవాడు. కూతురు అయిదో ఏట ఉండగా అతడు కాలం చేశాడు. కారుణ్య నియామకం కింద ఇచ్చిన ఉద్యోగం నూకాలమ్మకు బడిలో దొరికింది గాని, అది ఏడాది పరీక్షకాలానికే. ఏడాది చివర తనిఖీ అధికారి చూసి సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. పెట్టకపోతే ఉద్యోగమే కాదు, తల దాచుకున్న క్వార్టరు కూడా ఖాళీ చేయవలసిందే.

తనిఖీ శనివారం. గురువారం నాడు నూకాలమ్మకు ఒక సద్బుద్ధి పుట్టింది. బీరువాలో సీసాలు దుమ్ము పట్టి ఉన్నాయి. పెద్ద పండుగకు దేవుడి సామాను తోమినంత భక్తితో, మూతలు బిగించి, వేడినీళ్లలో నానబెట్టి, బూడిదా కొబ్బరిపీచూ పెట్టి తోమింది. సీసాలు స్ఫటికాల్లా మెరిశాయి. వాటి మీది పేర్ల కాగితాలు ముద్దలై తూములో చేరాయి.

రసాయన శాస్త్రం చెప్పే ఎవాంజలిన్ టీచరు ఏదో చర్చి పాట కూనిరాగం తీసుకుంటూ వచ్చి, గడపలోనే ఆగిపోయింది.

"ఏటి నూకాలమ్మా, సీసాలన్నిటికీ గుండు కొట్టించేసినావేటి?"

"మట్టి పట్టినాయని కడిగేసినాను టీచరమ్మా. మెరవాలనే..." అని నూకాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మెరిసినాయిలే. ఏడవకు."

యాసిడ్ సీసాలకు పేర్లు గాజులోనే పోతపోసి ఉన్నాయి. రంగు ఉన్నవాటిని టీచరు చూపుతోనే పోల్చుకుంది. మిగిలినవి నాలుగు తెల్ల పొడులు. సరుకు పుస్తకం ప్రకారం అవి ఉప్పు, నవాసారమనే అమ్మోనియం క్లోరైడు, సురేకారమనే పొటాషియం నైట్రేటు, కాల్షియం క్లోరైడు. కంటికి నాలుగూ ఒక్కటే. నూకాలమ్మ ఒక మూత తీసి నాలుక దగ్గరికి వేలు తీసుకువెళ్లింది.

"అలా నాకినావంటే ఉద్యోగం కంటే ముందు నువ్వు పోతావు!" అని టీచరు ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "ఏ మార్పునైనా రెండు ప్రశ్నలు అడగాలి. వేడి బయటికి ఇచ్చిందా, లోపలికి లాక్కుందా? దాన్ని ఎంథాల్పీ అంటారు. రేణువులు సెదిరినాయా, వరసలోకి సేరినాయా? అది ఎంట్రపీ. తాకినాక సెప్పడం అందరికీ వచ్చు. తాకకముందే సెప్పాలి. నీళ్లలో వేస్తే నవాసారం ఏటవుతాది?"

"అదా! మా ఆయన షాపులో లోహం పూతకి అదే ఏసీవోరు. సెగలు కక్కీది. ఏడెక్కిపోతాది, తప్పదు."

నాలుగు గ్లాసుల నీళ్లలో నాలుగు పొడులు పడ్డాయి. మొదటి గ్లాసు చేతికి చురుక్కుమంది.

"ఇదే నవాసారం!"

"కాదు. అది కాల్షియం క్లోరైడు. దాని రేణువుల్ని నీళ్లు గట్టిగా పట్టుకుంటాయి. అలా పట్టుకున్నప్పుడు వేడి బయటికొస్తాది. మీ ఆయన షాపులో సెగ కొలిమిది నూకాలమ్మా. నవాసారం దాన్ని పుచ్చుకున్నదే గాని ఇచ్చింది కాదు."

రెండో గ్లాసులో మార్పు తెలియనే లేదు. అది ఉప్పు. మూడోదీ నాలుగోదీ కుండనీళ్లలా చల్లబడ్డాయి. దానం చేసే ద్రవ్యం ఒకటి, ప్రతిగ్రహం పట్టే ద్రవ్యం ఒకటి అని నూకాలమ్మకు బోధపడింది గాని, ఒక సందేహం మిగిలింది.

"ఏడి ఇచ్చీది కరిగిందంటే సరే. లోపలికి లాక్కోవలసినప్పుడు ఇది ఎందుకు కరిగినట్టు? ఎవులు తోసినారు?"

టీచరు కళ్లజోడు తీసి ఆమెను తేరిపార చూసింది. "క్లాసులో ముప్పై మందిలో ఒక్కడూ అడగలేదే ఈ మాట! మన స్టేషన్లో బండి ఆగినాక జనాన్ని ఎవులైనా తోస్తారా? తలుపు తీస్తే ప్లాట్‌ఫారమంతా వాళ్లే. సీట్లలో వరసగా కూర్చోడానికి దారి ఒకటి, సెదిరిపోడానికి దారులు కోటి. అందుకే సల్లబడినా కరిగింది."

చల్లబడిన రెంటిలో నవాసారం ఏదో తేలవలసి ఉంది. టీచరు రెండు గరిటెల్లో చిటికెడేసి పొడి వేసి దీపం వెలిగించింది.

"సురేకారం కరుగుతాది. నవాసారం పొగై లేస్తాది. గట్టిది పొగైతే?"

"సెదురు పెరుగుతాది."

"వేడి?"

"లాక్కుంటాది."

మొదటి గరిటెలో పొడి నీరైంది. రెండో గరిటెలోంచి తెల్లని పొగ లేచింది. నూకాలమ్మ అడుగు వెనక్కి వేసింది. ఎన్నో ఏళ్లపాటు ప్రతి సాయంత్రమూ గడప దాటి వచ్చిన వాసన అది.

"ఇది మా ఆయన సొక్కా వాసన టీచరమ్మా."

టీచరు చల్లని గాజుపలక ఒకటి పొగకు అడ్డం పట్టింది. లయమైపోయిందనుకున్న పదార్థం పలక మీద తెల్లని నూగై మళ్లీ రూపం ధరించింది. నూకాలమ్మ కళ్లు తుడుచుకుని, అడగకుండానే చెప్పింది.

"ఇప్పుడు వరసలోకి సేరతంది. పుచ్చుకున్న ఏడి తిరిగి ఇచ్చేస్తంది."

శనివారం నాటికి సీసాల మీద కొత్త కాగితాలు వెలిశాయి. పైన నూకాలమ్మ గుండ్రని తెలుగు, కింద టీచరు ఇంగ్లీషు. బెంగాలీ అధికారి వాటి ముందు ఆగి, "యే క్యా హై, దీదీ?" అన్నాడు. టీచరు నోరు తెరిచేలోగా నూకాలమ్మే వచ్చీరాని హిందీలో జరిగినదంతా చెప్పేసింది. ఆయన ముఖం ముడుచుకుంది. సురేకారం సీసా పైకెత్తి, నీళ్లలో వేస్తే ఏమవుతుందని అడిగాడు.

"ఠండా హోగా, సాహెబ్."

పొడిని నీళ్లలో వేయించి, గ్లాసు తాకి చూశాడు. చల్లబడింది. అయితే అది కరగడం ఎందుకని మళ్లీ అడిగాడు. నూకాలమ్మ ఆగిన బండి సంగతీ, తలుపు తీస్తే ప్లాట్‌ఫారం నిండిపోయే సంగతీ చెప్పింది. ఆయనకు నవ్వు ఆగలేదు. పుస్తకంలో రెండు వాక్యాలు రాసి వెళ్లిపోయాడు.

"ఏటి రాసినాడు టీచరమ్మా?"

"మొదటిది తిట్టు. నిర్లక్ష్యమట. రెండోది ఉద్యోగం."

ఆ సాయంత్రం నూకాలమ్మ పక్కింట్లో సుత్తి అడిగి తెచ్చుకుంది. ఎప్పుడు ఖాళీ చేయమంటారోనని ఏడాదిగా ఆమె ఆ క్వార్టరు గోడకు ఒక్క మేకు కొట్టలేదు. దేవుడి పటం ట్రంకుపెట్టె మీదే ఆనించి ఉండేది. తూర్పు గోడకు మేకు దిగవేసి, పటం తగిలించి, దీపం పెట్టింది.