పెద్దన్న దించిన శ్రుతి

కరోనా తగ్గి, గల్ఫ్‌లోని అల్ వర్సాన్ కార్మికుల క్యాంపు గదుల్లో మళ్ళీ నలుగురు కూడనిచ్చిన రోజులవి. జగిత్యాలవాళ్ళ భజనకు వయసు మళ్ళిన ఒకాయన పెద్ద. అందరికీ పెద్దన్న. వాళ్ళ సైటులో ఇంజనీరునైన నేను దేవుణ్ణి నమ్మను. పాటల కోసం వెళ్ళేవాణ్ణి.

హార్మోనియం మీద ఆయన వేలు ఎప్పుడూ ఒకే మెట్టు మీద పడేది. ఊళ్ళో గురువు పెట్టిన శ్రుతి అది. వయసు మీద పడి, అంత పైకి వెళ్ళేసరికి ఆయన గొంతు చీలిపోయేది. మిగతావాళ్ళకు అసలే అందదు, తాళాలు మాత్రం కొట్టేవారు.

“పెద్దన్నా, జర కిందికి పెట్టు. అందుకోబోతే మా గొంతులు ఖలాస్” అన్నాడు క్రేన్ నడిపే అతను.

“కిందికి పెడితే దేవునికెట్ల ఇనవడ్తదిరా? పాడుడన్న బంద్ జేస్త గని, శ్రుతి దించ.”

నాకు ఒళ్ళు మండింది. మనిషి తన గొంతును తానే శిక్షించుకుంటే దాన్ని భక్తి అనలేను. “హార్మోనియం పెట్టెలో రేకు వేగంగా వణికితే శ్రుతి పెరుగుతుంది, బలంగా వణికితే చప్పుడు పెరుగుతుంది. రెండూ వేరు పెద్దన్నా. కింది శ్రుతిలోనూ గట్టిగా పాడొచ్చు” అన్నాను.

“దేవుణ్ణే నమ్మవు, నాకు శ్రుతి జెప్తవా సారూ?” అని నవ్వాడు. అయినా వేలు ఎడమకు, కింది మెట్టు మీదికి జరిపి, తిత్తిని గట్టిగా నొక్కాడు. గది మోగింది. పల్లవి ఎత్తుకున్నాడు. గోడ వారన కూర్చున్నవాళ్ళంతా అందుకున్నారు.

పాట అయ్యాక ఆయన వాళ్ళవైపు తిరిగాడు.

“ఇన్ని దినాలు మీరెందుకు పాడలేదురా?” అన్నాడు.