సోలార్ కాగితాలకు అక్క సంతకం

ఖానాపూర్‌లో మా మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించాలని నాకు రెండు ఎండాకాలాల నుంచి ఉంది. బళ్లో నాతో పనిచేసే టీచరమ్మ అప్పటికే పెట్టించుకుంది. కేంద్రం ఇచ్చే సబ్సిడీ తన ఖాతాలో పడిన రోజు ఫోన్ పట్టుకుని అందరికీ చూపించింది. ఆ సాయంత్రమే నేను కరెంటు ఆఫీసుకు వెళ్లాను.

అక్కడి గుమాస్తా మా బిల్లు చూసి, "మేడం, ఈ మీటర్ ఎవరి పేరు మీదున్నది?" అన్నాడు.

"మా బాపు పేరు మీద."

"ఉన్నడా?"

"లేడు. నాలుగేండ్లాయె."

"అయితే ముందుగాల మీటర్ మీ పేరుకు మార్పించుకోవాలె. మీటర్ ఎవరిదైతే సబ్సిడీ గూడ వాళ్లకే వస్తది. మీ బాపుకు ఇంకెవరన్న పిల్లలుంటే, మాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టియ్యాలె. ఉన్నరా?"

"లేరు. నేనొక్కదాన్నే."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. గుమాస్తా ఒక తెల్ల కాగితం నా ముందుకు తోశాడు. "గదే రాసియ్యుండ్రి." బాపు పేరు రాశాను, నా పేరు రాశాను. ఏకైక వారసురాలిని అని రాయవలసిన చోట చెయ్యి కదల్లేదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, మళ్లీ వస్తానని లేచాను.

నాకు అక్క ఉంది. నాకంటే ఆరేళ్లు పెద్ద. అవ్వ, అంటే మా అమ్మ, కూలికి పోతే నన్ను ఎత్తుకు తిరిగింది ఆమే. చలికాలం ఆదివారాలు చర్చికి పోయే ముందు తలంటు పోసి, మిద్దె మీద ఎండలో కూర్చోబెట్టి, జుట్టు ఆరేదాకా వేళ్లతో పాయలు తీస్తూ ఉండేది. ఆ వేళ్లు ఎంత నెమ్మదిగా కదిలేవంటే నేను కూర్చునే కునికేదాన్ని. బాపు చర్చి సంఘంలో పెద్దమనిషి. అక్క ఎవరికీ చెప్పకుండా, భైంసాలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసే అతన్ని, మా సంఘం కాని మనిషిని, పెళ్లి చేసుకుంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె పేరు ఎత్తొద్దన్నాడు బాపు.

అంతా బాపు మీదికి నెట్టేయడం సులువే. కానీ అవ్వ మంచం పట్టినప్పుడు అక్క వచ్చింది. తలుపు తీసింది నేను. ఆమె చేతిలో సంత్రా పండ్ల సంచి ఉంది. "బాపు ఇంట్లనే ఉన్నడు. ఇప్పుడొద్దక్కా, మల్లొకసారి రా" అన్నాను. సంచి నా చేతికిచ్చి తిరిగిపోయింది. పది రోజులకు అవ్వ పోయింది. ఆ రోజు అక్క సమాధి దగ్గర జనం వెనక నిలబడి, మట్టి వేసి వెళ్లింది. బాపు పోయినప్పుడు నేను కబురే ఆలస్యంగా పంపాను.

దసరా సెలవుల్లో నిర్మల్‌లో బస్సు మారి భైంసా వెళ్లాను. మిల్లు వెనక వరసగా రేకుల గదులు, అన్నీ కిరాయివే. అక్క పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కొడుతోంది. తల సగం నెరిసింది. నన్ను చూసి చేతులు దులుపుకుంది.

"వచ్చినవా. కూసో."

దారిపొడుగునా మనసులో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ పైకి రాలేదు. అభ్యంతరం లేదని కొత్తగా రాసుకొచ్చిన కాగితం తీశాను. "అక్కా, మిద్దె మీద సోలార్ పెట్టిస్తున్న. సర్కారు కొంత సబ్సిడీ ఇస్తది. మీటర్ నా పేరుకు మార్చాలంటే నీ సంతకం కావాలె."

"మాకు గూడ ఇస్తరా?"

"సొంత ఇల్లుండాలె అక్కా."

ఒకసారి పైన రేకుల వైపు చూసి నవ్వింది. "గట్లనా. సంతకం ఏడ పెట్టాలె?"

"జర చదువుకో."

"నువ్వు రాసినవ్ గద." సంతకం పెట్టి కాగితం తిరిగిచ్చింది. పిండి వేలి ముద్ర ఒకటి మూలకు అంటుకుంది. "ఏ దిక్కు పెడుతుండ్రు?"

"దక్షిణం దిక్కు. పొద్దంత ఎండ గాడ్నే పడుతదట."

"మనం కూసున్న కాడ్నే."

నేను తలూపాను. "అక్కా, ఆ దినం తలుపు కాడ నేను..."

"రొట్టె సల్లారుతది. తిను."

తిన్నాను. బస్సు ఎక్కేటప్పుడు, పలకలు పెట్టాక ఒకసారి రమ్మన్నాను. పత్తి పని ఒడిసినంక వస్తనంది.

మీటర్ మారింది. పలకలు బిగించారు, కరెంటు ఆఫీసు వాళ్లు వచ్చి కొత్త మీటర్ పెట్టి పోయారు. కొన్నాళ్లకు సబ్సిడీ పడినట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. నేను క్లాసులో ఉన్నాను. ఎవరికైనా చెప్పాలనిపించింది, గుర్తొచ్చింది అక్కే. బయటికి వచ్చి ఫోన్ చేశాను. మిల్లు చప్పుడులో ఆమె "మంచిగాయె" అన్నది మాత్రం వినిపించింది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం బడి నుంచి రాగానే పక్కింటి పెద్దమ్మ గేటు దగ్గరే ఆపింది. "మీ అక్క వచ్చిపోయింది బిడ్డా. తాళంచెయ్యి నా కాడున్నది, తీస్తనంటె వద్దన్నది. మా మిద్దె ఎక్కి మీ పలకల దిక్కు శానసేపు చూసింది. చాయ్ తాగి మూడింటి బస్సుకు పోయింది."

వెంటనే ఫోన్ చేశాను. "వచ్చినవట?"

"ఆఁ. చూసిన. మంచిగున్నయ్."

"లోపలికి పోవద్దా అక్కా. పెద్దమ్మ తాళం తీస్తనన్నది గద."

"నువ్వు లేవు గద" అంది.

"నేనున్నప్పుడు రారాదా?"

"వస్త తీ."

నేను బడికి పోయే వేళ ఆమెకు తెలియనిది కాదు. ఆ రాత్రి ఇంట్లో ఏ గదిలోనూ కాలు నిలవలేదు. శనివారం సాయంత్రం బడి నుంచి అటే భైంసాకు బయల్దేరాను. నేను వెళ్లేసరికి అక్క నీళ్ల కోసం నల్లా దగ్గర వరసలో ఉంది. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగింది. రెండో బిందె నేను పట్టాను. ఎప్పుడొస్తవని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. బిందెలు ఎత్తుకుని ఇద్దరం ఇంటి వైపు నడిచాం.