దూడ పాలలో బజ్జీల నూనె

ఈ రోజు పొద్దున మైలవరంలో మా బామ్మర్ది చెంప పగలగొట్టాను. పదిరోజుల పెయ్యదూడకు బలమొస్తుందని, బజ్జీల బండి దగ్గర మాడిన నూనె తెచ్చి, పాలలో గ్లాసెడు కలిపి పట్టాడు. దూడ విరేచనాలతో కూలబడింది. పసిదూడకు కొవ్వు ఎంత కొంచెంగా, ఎంత బాగా పాలలో కలిపి ఇవ్వాలో నేను చదివి చెబితే, "పుస్తకాలు పాలిస్తాయా బావగారూ?" అని నలుగురిలో నవ్వినవాడే.

మిగిలిన నూనె గ్లాసు వాడి నోటికి ఆనించి, "తాగరా" అన్నాను.

"ఛీ, అది మనుషులు తాగేదేనా బావగారూ!" అన్నాడు.

అప్పుడే కొట్టాను. రెండో దెబ్బకు వాళ్ల అక్క, అంటే మా ఆవిడ, అడ్డొచ్చింది.

దూడ ఇంకా లేవలేదు. లేవకపోతే ఎవరడ్డొచ్చినా ఆగను. డెబ్భై ఏళ్లొచ్చి చేయి చేసుకోవడం తప్పంటారా? చెప్పండి.