మా గ్రంథాలయానికి సున్నం వేసినప్పుడు

మొన్న కొత్తపేట బస్సులో నా ముందు సీటులో కూచున్న ఇద్దరు ఆడవాళ్ళు వాళ్ళ ఊరి బడి గురించి మాట్లాడుకుంటున్నారు. ఎవరో అధికారి చూడ్డానికి వస్తున్నాడట, కప్పు బాగుచేయడానికి ప్రభుత్వం నిధులిస్తుందట, అందుకని ముందే గోడలకి రంగులు వేయిస్తున్నారట. "చూసినాయన కళ్ళు చెదిరిపోవాలండీ" అని ఒకావిడ మురిసిపోతోంది. నేను ఉండబట్టలేకపోయాను. ముందుకి వంగి, "ఆ రంగులు ఆపించండమ్మా" అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, చేతిసంచి ఒళ్ళోకి లాక్కుని, ఇద్దరూ అటు తిరిగి కూచున్నారు. ఈలోగా మా ఊరు వచ్చేసింది, దిగిపోయాను. వాళ్ళకి చెప్పలేకపోయిన సంగతే ఇది.

మా ఊరి శాఖా గ్రంథాలయం ఒక పాత పెంకుటిల్లు. ఎవరో పుణ్యాత్ముడు ధాన్యం కొట్టు కోసం కట్టుకుని, గింజలకి చెమ్మ పడుతోందని విసుగెత్తి పుస్తకాలకి ఇచ్చేశాడంటారు. గింజలు నానేచోట కాగితాలు ఆరుతాయని ఆయనకి ఎలా తోచిందో మరి. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కాపురానికి వచ్చాక కూడా నాలుగక్షరాలు నిలిచాయంటే ఆ కొట్టు చలవే. మధ్యాహ్నం అంట్లు బోర్లించి వెళ్ళి, పేపరు కొనకుండానే పేపరంతా చదువుకుని వచ్చేదాన్ని. టీచరు పరీక్షలకి చదువుకునే చర్చి వీధి ఆడపిల్లలు పొద్దస్తమానం అక్కడే ఉండేవారు. వానొస్తే ఒకమ్మాయి గొడుగు పట్టేది, ఇంకో అమ్మాయి చదివేది, కాసేపయ్యాక చేతులు మార్చుకునేవారు. పుస్తకాల మీద గోనెపట్టాలు కప్పేవాళ్ళం. ఆ గోనెల వాసన, నానిన కాగితం వాసన, పెంకుల మీద పాకిన నాచు వాసన కలిసి మా ఊళ్ళో చదువు వాసన అంటే అదీ అన్నట్టుండేది.

కొత్త భవనానికి గ్రాంటు వచ్చే అవకాశం ఉందని, ఇంజినీరుగారు వచ్చి చూస్తారని ఒక శ్రావణంలో కబురొచ్చింది. దాంతోపాటే ఇంకో మాట కూడా వినబడింది. గ్రాంటు రాని చోట శాఖ ఎత్తేసి పుస్తకాలు కొత్తపేట పట్టుకుపోతారట. నాకు గుండెల్లో రాయి పడింది. పేపరు కోసం నేను ఆటో ఎక్కుతానా? ఆ పిల్లల్ని రోజూ ఆటోలో పంపగల ఇళ్ళు వాళ్ళ వీధిలో ఎన్ని?

గ్రంథాలయం బాగోగులు చూసే పెద్ద మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు. మా ఇళ్ళలో తమ్ముడి భార్య బావగారితో నేరుగా మాట్లాడదు. ఆయన వస్తుంటే లేచి పక్కకి తప్పుకోవాలి. చెప్పవలసింది ఏదున్నా తోడికోడలు చెవిన వేస్తే ఆవిడ అటు చేరవేస్తుంది. మా రెండు వాటాలకీ మధ్య ఉన్నది ఒక్క గోడే. నేను దగ్గితే ఆయన మంచినీళ్ళు పంపించేవారు, అదీ తోడికోడలు చేతే. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ అలాగే గడిచిపోయింది. మా ఆయన పోయినప్పుడు కూడా ఆయన నాతో చెప్పవలసిన మాటలన్నీ గుమ్మం దగ్గర నిలబడి ఆవిడకే చెప్పారు.

ఇంజినీరుగారు వస్తున్నారనగానే బావగారు సున్నం దింపించారు. పెంకుల కింద టార్పాలిన్ పరిపించారు. పుచ్చిన దూలానికి నల్లరంగు పూయించారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సున్నం దండగని చెప్పక్కా. కారేది కారినట్టే ఇంజినీరుగారు చూడాలి" అన్నాను.

గోడ అవతలనుంచి నాకు వినబడేంత గట్టిగానే జవాబొచ్చింది. "పరువుగా ఉంచుకున్నవాళ్ళకే గవర్నమెంటు ఇస్తాది. పెళ్ళిచూపులకి పిల్లకి చిరుగుచీర కడతారేంటో కనుక్కో."

"ఆస్పత్రికెళ్ళేవాడు పౌడరు రాసుకెళ్తాడేంటో అడుగక్కా."

"ఇద్దరికీ చెవులున్నాయి కదండీ, మధ్యలో నా నోరెందుకు నొప్పెట్టుకోడం?" అని తోడికోడలు విసుక్కుని లోపలికి పోయింది. సున్నం మాత్రం ఆగలేదు.

ఇంజినీరుగారు వచ్చిన రోజు ఆకాశం నల్లగా కమ్ముకుని ఉంది, ఒక్క చినుకు రాలదు. కురవమ్మా, ఈ ఒక్కపూటా కురువు అని నేను లోపల్లోపల మొక్కుకుంటున్నాను. వచ్చినాయన కుర్రాడే. బండి దిగీ దిగకుండానే చేతిగడియారం చూసుకున్నాడు. పిల్లలు, పెద్దలు గోడలకి అంటుకుని నిలబడ్డారు. తెల్లటి గోడ, నల్లటి దూలం, గుమ్మానికి మామిడాకులు. గోడకి పడ్డ పెద్ద బీటకి అడ్డంగా పుస్తకాల బీరువా జరిపించి, దాని మీద పూలకుండీ కూడా పెట్టించారు మా బావగారు.

"ఈ విడత గ్రాంటు ఒక్క ఊరికేనండి బాబాయిగారూ. కూలిపోయే భవనమైతేనే నేను రాయాలి. ఇది చూస్తే లక్షణంగా ఉంది. బాగానే ఉంది కదండీ?"

"ఆయ్, బాగుందండి" అన్నారు బావగారు.

"ఆయ్" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

వచ్చిన మనిషి ఏదన్నా ముందు ఆయ్, అంటే అవునండి, అనడమే మా వాళ్ళకి అలవాటు. ఒప్పుకున్నది ఏమిటో అన్నాక గానీ తట్టదు. బావగారికి తట్టినట్టుంది, ముఖం పాలిపోయింది. కండువా కొస పట్టుకుని మెలిపెడుతున్నారు. కానీ అన్న మాట అందరిముందూ ఎలా వెనక్కి తీసుకుంటారు? అతను కలం తీశాడు. "అయితే అవతల ఊరు చూసుకుంటానండి" అన్నాడు. చర్చి వీధి పిల్ల ఒకతి నా కొంగు పట్టుకుంది. నేను తోడికోడలి కోసం వెతికాను. కొబ్బరిబొండాలు కొట్టించడానికి ఇంటికి వెళ్ళిందట. నా మాట అందుకుని అటు చేరవేసే మనిషి ఆ గదిలో లేదు.

"బావగారూ, బీరువా జరిపించండి" అన్నాను.

అంతమందిలో నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఎవరో చప్పున తల తిప్పి చూశారు. ఆయన మాత్రం నావైపు చూడలేదు. పరువు తీశానని విసవిసా వెళ్ళిపోతారేమో అనుకున్నాను. ఇంజినీరు చేతిలో కలం అలాగే ఆగింది. అప్పుడు ఆయన కండువా నడుముకి బిగించి, "జరుపుతానమ్మా" అని, ఎవర్నీ చెయ్యి వేయనివ్వకుండా తన భుజంతోనే నెట్టారు. పూలకుండీ పడి పగిలింది. వెనక గోడ బీటలో చెయ్యి దూర్చేంత సందు. అందులోంచి ఒక కప్ప తాపీగా బయటికొచ్చి, అందర్నీ చూసి మళ్ళీ లోపలికి వెళ్ళింది.

ఇంజినీరు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇంత బీట పెట్టుకుని సున్నం కొట్టించేరేంటండీ? పిల్లలు కూచునే చోటు! దాచిపెట్టేరని రాయమంటారా?"

"గడపలోకి వచ్చినవారికి చిరుగు చూపించడం మాకు తెలీదండి. తప్పయిపోయింది" అన్నారు బావగారు. తర్వాత తనే నిచ్చెన వేయించి టార్పాలిన్ లాగించారు, దూలంలోకి చేతికర్ర గుచ్చారు. కర్ర కొస కనబడకుండా దిగిపోయింది. అతను ఫోన్లో ఫొటోలు తీసుకుంటూ గదంతా తిరిగాడు. బొండాలు వచ్చేసరికి వాన మొదలైంది.

గ్రాంటు మాకే వచ్చింది. కొట్టు పడగొట్టారు. పుస్తకాలు మా వాటాలో సర్దాను, పిల్లలు మా వసారాలోనే చదువుకున్నారు. కరెంటు బిల్లు చూసుకుని నేను సణుక్కున్నమాట నిజమే గానీ లైటు మాత్రం ఆర్పలేదు. స్తంభాలు లేచాయి, శ్లాబు పడింది. రెండో విడత నిధుల కోసం గోడల పని కొన్నేళ్ళు ఆగింది. మళ్ళీ మొదలైన రోజున బావగారు మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు. లేవబోయాను. "కూచోమ్మా" అని, "చదువుకునేది మీరు కదా, కిటికీలు ఎటు పెట్టించమంటావు?" అన్నారు. ఆయన నన్ను నేరుగా అడిగిన మొదటి ప్రశ్న అది. తూర్పుకి పెట్టించమన్నాను. అప్పటికే ఆయనకి చెవులు మందగించాయి, రెండోసారి అరిచి చెప్పవలసి వచ్చింది. కొన్ని ప్రశ్నల్ని నోటిదాకా తేవడానికి కాలం ఏళ్ళకేళ్ళు తీసుకుంటుంది, అప్పటికి వినేవాళ్ళ చెవులూ చెప్పేవాళ్ళ పళ్ళూ కూడా పట్టుకుపోతుంది.