కమాను కూలుతుందని చెప్పినవాడు

టీవీలో ఎవడు ఎవర్ని పెళ్లాడాడో అడుగుతారు గానీ, గోడమీద ఆ ఫోటోలో కర్ర పట్టుకుని నిలబడ్డది ఎవరని అడగడానికి మీలో ఒక్కరికైనా నోరు పెగిలిందా? మీ తాత తమ్ముడర్రా! మీకు చిన్నతాత. పాడుబడ్డ కోటకి కాపలాదారు. గోడల్లో మొలిచే పిచ్చిమొక్కలు పీకడం, చూడ్డానికొచ్చినవాళ్లని వెంటబెట్టుకుని తిప్పడం అతని ఉద్యోగం.

చలి తగ్గి గడ్డిలో పసుపుపూలు పూశాయంటే జనం దిగేవాళ్లు. చిన్నతాత కర్ర ఊపుకుంటూ ముందు నడిచేవాడు. కూలిన గుర్రపుశాల, పైకప్పు లేని రాణివాసం, పొదలోంచి దూకే కుందేలు, ఎండకి రాళ్లమీద పడుకున్న తొండలు, అన్నీ తన తాత సంపాదించిచ్చిన ఆస్తిలా చూపించేవాడు. తూర్పు కమాను దగ్గర మాత్రం ముళ్లకంప అడ్డం ఉండేది.

"ఇటు రావద్దండి. బీటలిచ్చింది, నెత్తిన పడుద్ది" అని వాగు పక్కనుంచి చుట్టూ తిప్పేవాడు.

బీటా లేదు, పాడూ లేదు. కమాను పైకన్నంలో గుడ్లగూబ పిల్లల్ని పెట్టేది. ఉన్నమాట చెబితే అపశకునమని జనమే రాళ్లేసి చంపేవాళ్లు. అందుకని ఏటా అదే అబద్ధం. పిల్లలు ఎగిరిపోయాక కంప తీసేసేవాడు.

"కట్టుకున్నదాన్ని ఒక్కనాడైనా అంత ముద్దుగా చూశావా?" అని పెళ్లాం దెప్పేది.

"నువ్వూ అదీ ఒకేలా గుడ్లురుముతారే. అందుకే అదంటే ఇష్టం."

ఒక ఏడు కొత్త ఆఫీసరొచ్చాడు. చిన్నతాత మాట అక్షరాలా నమ్మి, కమాను కూల్చెయ్యడానికి మనుషుల్ని, యంత్రాన్ని తెచ్చాడు. కన్నంలో పిల్లలకి ఇంకా రెక్కలు రాలేదు. చిన్నతాత ఆఫీసరుకి అడ్డం వెళ్లాడు.

"అయ్యా, అంతా అబద్ధమండి. కమాను ఉక్కులా ఉంది. పైన పిట్టపిల్లలున్నాయని అలా చెప్పాను."

"ఏమయ్యా, ఇన్నేళ్లూ జనాన్ని బెదరగొట్టింది నువ్వే కదా? ఇప్పుడు పిట్ట కోసం మాట మారుస్తావా? రేపు ఎవరి నెత్తినో పడితే జవాబు నువ్వు చెబుతావా?"

"పడదండి! కావాలంటే నేను దాని కిందే పడుకుంటాను."

అన్నట్టే వెళ్లి పడుకున్నాడు. ఇద్దరు చేతులు పట్టుకుని ఈడ్చి అవతల పారేశారు. యంత్రంతో కొడితే కమాను కదల్లేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా కొట్టారు. ఎంత గట్టిదో అందరికీ తెలిశాకే కూలింది. తల్లి గుడ్లగూబ పట్టపగలు లేచి, ఎటు పోవాలో తెలియక రాళ్లకుప్ప మీద వాలింది. అక్కడున్నవాళ్లు దాన్నీ రాళ్లతో తరిమారు.

చిన్నతాత ఉద్యోగం మానలేదు. మానితే తిండెవడు పెడతాడు? మళ్లీ పసుపుపూలు పూశాయి, మళ్లీ జనం వచ్చారు. ఇక్కడేముండేదని అడిగితే, "కమానండి. బీటలిచ్చి పడిపోయింది" అని కర్ర ఊపుకుంటూ ముందుకు నడిచేవాడు. ఇంట్లో పెళ్లాం దెప్పినా తిరిగి ఒక్క మాట అనేవాడు కాదు. చివరికి ఆమే దెప్పడం మానేసింది.

పోయేనాటికి అతనికి అరవై మూడేళ్లు.