ఇంజను ఆగాక వినబడిన ప్రేమ

నా చిన్నతనంలో వచ్చిన సినిమాల్లో నాయికకు చూపు లేకపోతే, ఆఖరి రీలుకల్లా వచ్చి తీరాలి. రాకపోతే పెళ్ళి జరిగేది కాదు. పదిహేనేళ్ళ వయసులో నేను దాన్ని దేవుడు పెట్టిన నియమం అనుకునేదాన్ని. మా పెద్దనాయన కూతురు, నేను అక్కా అని పిలిచే మనిషి, పుట్టుకతోనే చూపులేనిది. పెనుకొండలో వాళ్ళ పెరటి గోడ అవతలే టూరింగ్ టాకీసు డేరా ఉండేది. రోజూ సాయంత్రం ఆమె గోడకు ఆనుకుని కూర్చుని సినిమా మొత్తం వినేసేది. ఒక గుడ్డి నాయిక ప్రేమకథ అక్కడ వారాల తరబడి ఆడింది. సెలవులకు హిందూపురం నుంచి వచ్చిన నేను, "ఒకసారి లోపలికి పోయి చూద్దాం అక్కా" అని, వెంటనే నాలుక కరుచుకున్నాను. అక్క నవ్వింది. "పోదాం పా. నువ్వు సూడు, నేను ఇంటాను."

మొదటి ఆటకు వెళ్ళాం. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ నడుమ గోనెపట్టల అడ్డం. తెరమీద జరిగేదంతా అక్క చెవిలో చెబుతూ వచ్చాను (నాయకుడి మీసం నాకు నచ్చలేదు గనక దాన్ని తీసేశాను). చివరికి డాక్టరు నాయిక కళ్ళకట్టు విప్పబోతుండగా బయట డేరాకు కరెంటిచ్చే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నా చెయ్యి నాకే కనబడని చీకటి. ఈలలు, కేకలు. ఆ గోలలో నా పక్కనుంచే సన్నగా నాయిక మాట వినబడింది: "విప్పకండి డాక్టరుగారూ. చూపు వచ్చాక నేను ఆయనకు అక్కర్లేకపోతే?" ఈలలు ఆగిపోయాయి. గోనెపట్టల అవతలి నుంచి ఒక మగ గొంతు నిదానంగా పలికింది: "చీకటిలో పట్టిన చేతిని వెలుతురులో వదలను." వెనక ఎవరో అవ్వ, "మిషను నిలిచిపోయినా మాటలు నిలవలేదే! తెరలో వాళ్ళు ఈడికి దిగినారమ్మో!" అని గొల్లుమంది. ఆ రెండు గొంతులూ మాత్రం ఒకదాని తర్వాత ఒకటి కథను నడిపిస్తూనే ఉన్నాయి. ఆడగొంతు అక్కదేనని నాకు తెలుసు. మగ గొంతు ఎవరిదో తెలియదు. "ఆయప్ప ఎవరక్కా?" అని గొణిగాను. "తెల్దు" అంది.

ఇంజను మళ్ళీ పలకలేదు. లాంతర్లు తెచ్చి అందరినీ పంపేశారు. డేరా చుట్టూ తిరిగి మా సందులోకి వచ్చేసరికి వెనక ఒక చప్పుడు. టక్కుమని ఒకటి, తర్వాత కాలు ఈడ్చినట్టు ఒకటి. మేం ఆగితే అదీ ఆగేది. "దయ్యమక్కా, పరిగెత్తు!" అన్నాను.

"దయ్యానికి కట్టె దేనికే? కాలు బాగలేదు పాపం, మెల్లగా నడుచు" అంది అక్క.

మా గుమ్మం దగ్గర ఆ మనిషి మమ్మల్ని అందుకున్నాడు. కర్ర ఊతగా నడిచే దర్జీ. డేరాకు అటుపక్క అంగడిలో బట్టలు కుడుతూ అతనూ రోజూ ఆ సినిమా విన్నవాడే. "ఆ మాటలు నోటికొచ్చినోళ్ళు ఇంకొకరు ఉండారని తెల్దు. మీరు మాట్లాడుకుంటా పోతాంటే గొంతు గుర్తుపట్టి వచ్చినా. ఎవరో చూసిపోదామని" అన్నాడు.

"సూసినావు కదప్పా. నా కండ్లు సినిమాలో మాదిరి రావు."

"నా కాలూ రాదు" అన్నాడతను.

ఇద్దరూ పెళ్ళి చేసుకుంటామంటే పెద్దనాయన చాలాకాలం ఒప్పుకోలేదు. "నువ్వు చూడలేవు, వాడు నడవలేడు. ఎవరికి ఎవరు దిక్కు?" అనేవాడు. చివరికి అక్క, "సినిమాలో అయితే ఎవరికో ఒకరికి బాగయితే గానీ పెండ్లి చేయరు. ఇది మన ఇల్లు గదా నాయనా" అంది. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు గానీ, మర్నాడు దర్జీకి కబురు పంపాడు.

పెళ్ళిలో ధర్మవరం చీర కట్టుకుని అక్క వెలిగిపోతోంది. మేళం హోరెత్తింది. తాళి కట్టేవేళ అందరూ అక్షింతలు వేస్తుంటే నేను రెప్పవేయకుండా ఆమె కళ్ళలోకే చూస్తూ నిలబడ్డాను. ముడులు పడ్డాయి. ఏమీ కాలేదు. బావురుమన్నాను.

"ఎందుకే ఏడుస్తాండావు?"

"నీకు చూపు రాలేదే!"

అక్క నా తల తడిమి దగ్గరికి లాక్కుంది. "రాకపోయినా తాళి పడింది గదే పిచ్చిదానా" అంది.

ఊరంతా కూర్చుని మా సీమలో ఓళిగలనే బొబ్బట్లు తింటుంటే, దేవుడి మీద అలిగి ఆకలితో చాప మీద ముసుగుతన్ని పడుకున్న ఆ పిల్లను, అప్పటి నన్ను, తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎవరో ఒకరు లేపి, ఒక ఓళిగ అయినా తినిపించి ఉండాల్సింది.