కాశీరాం కాలికింది పెడల్

కాశీరాం తన కుడిచెయ్యి పనిచేయడం మానేస్తోందని మొట్టమొదట నాకే చెప్పాడు. డాక్టరుకు కాదు, భార్య నీలాకు కూడా కాదు, నాకు. నేను నమ్మలేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం అదే కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

మాది సూర్యాపేటలో ఆర్కెస్ట్రా. నేను కీబోర్డు వాయిస్తాను. ట్రూపు నాదే, అరుపులూ నావే. కోదాడ నుంచి దేవిక వచ్చి పాడుతుంది. తిరుపతి మిక్సర్ దగ్గర కూర్చుని అందరి గొంతులూ సరిచేస్తాడు. కాశీరాంది బేస్ గిటార్. అతనిది చివ్వెంల దగ్గర ఒక తండా. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, కోపం వస్తే రెండూ. ముప్పై ఏళ్లు వచ్చేదాకా ఫంక్షన్ హాళ్లలో కరెంటు వైరింగు చేసేవాడు. ఒకరోజు మా స్టేజీకి బల్బులు కడుతూ, అప్పట్లో మాకు బేస్ వాయించే ఆయన వాయింపు విని పని మధ్యలో ఆపేశాడు. "అన్నా, పాట మొత్తం గీ నాలుగు తీగల మీదనే నిలవడ్డదిగదా. నేను నేర్సుకుంటా" అన్నాడు. నవ్వి ఊరుకున్నాం. మూడేళ్లకు ఆయన మానేస్తే ఆయన స్టూలు మీద కాశీరామే కూర్చున్నాడు.

పెళ్లికి వచ్చినవాళ్లు దేవికతో సెల్ఫీ దిగుతారు, నా దగ్గరికి పాట పేరు రాసిన చీటీ పట్టుకొస్తారు. కాశీరాం దగ్గరికి వచ్చి, "గిది మోగుతదా, ఉత్తగనే పట్టుకున్నవా?" అని అడిగినవాళ్లు ఉన్నారు. అతనేమీ అనుకోడు. వాళ్ల అరచేతిని స్పీకరు డబ్బా మీద పెట్టించి ఒక్క దెబ్బ మీటి చూపించేవాడు. వాళ్లు చెయ్యి వెనక్కి లాక్కుంటే చిన్నపిల్లాడిలా సంబరపడేవాడు.

అతనితో ఒకటే చిక్కు. పాట నచ్చితే తీగ తెగేలా మీటేవాడు, నచ్చకపోతే ముట్టీముట్టనట్టు కానిచ్చేవాడు. "స్పీకరు కాలిపోతదన్నా, జర చెప్పు" అని తిరుపతి మొత్తుకునేవాడు. చివరికి నేనే హైదరాబాదు వెళ్లి కంప్రెషర్ పెడల్ తెచ్చాను. అరచేయంత ఇనుప డబ్బా. గిటారుకూ స్పీకరుకూ మధ్య కలిపి కాలితో నొక్కితే, గట్టిగా మీటినదాన్ని తగ్గిస్తుంది, మెల్లగా మీటినదాన్ని పైకి లేపుతుంది. అన్నీ ఒకే ఎత్తులో వినిపిస్తాయి. మొదటిరోజు కాశీరాం మొహం మాడ్చుకున్నాడు.

"నేను గట్టిగ గుంజిన దెబ్బ ఏడవోయిందన్నా?"

"డబ్బా మింగింది. అలవాటు చేస్కో" అన్నాను.

అలవాటు చేసుకున్నాడు. పదునూ పోలేదు, గోలా లేదు. "కాశీరాం గారి బేస్ వెనకుంటే గోడకి చేరబడి పాడుకున్నట్టు ఉంటుందండీ" అని దేవిక కూడా మెచ్చుకుంది.

కిందటేడు ఎండాకాలం, పెళ్లిళ్లు జోరుగా ఉన్న రోజుల్లో, రిహార్సల్ గది మెట్ల మీద నన్ను ఆపాడు. "అన్నా, రెండు వేళ్లు నా మాట ఇంటలేవు. తీగ తగిలింది లేంది తెలుస్తలేదు" అన్నాడు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్రతి ప్రోగ్రామూ మిక్సర్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి రికార్డవుతుంది. మర్నాడు పొద్దున అందరం కూర్చుని వింటాం. తప్పు ఎవరిదో అక్కడే తేలుతుంది. పెన్‌డ్రైవ్ చెప్పిందే తీర్పు, దాని మీద అప్పీలు లేదు. ఆ రోజూ అదే పెట్టాను. "ఇను. ఏడ తగ్గింది? ఒక్క దెబ్బ చూపియ్యి" అన్నాను.

కళ్లు మూసుకుని మూడు పాటలు విన్నాడు. ఎక్కడా తగ్గలేదు. తగ్గదు మరి! పెడల్ సరిచేసి పంపిన మోతనే కదా మిక్సర్ రికార్డు చేసేది. ఆ సంగతి నాకు తెలుసు, తిరుపతికి తెలుసు, వైర్లతోనే బతికిన కాశీరాంకు ఇద్దరికంటే బాగా తెలుసు. ఆ పూట ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. "మంచిగనే ఉందన్నా. ఉత్తగ పరేషాన్ అయిన" అని గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. అది తలచుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అప్పటినుంచి అతను తన చేతిని స్పీకరులో చూసుకోవడం మొదలుపెట్టాడు. స్పీకరు బాగుంటే చెయ్యి బాగున్నట్టే. వానాకాలంలో నీలా నాకు ఫోన్ చేసింది.

"అన్నా, జర నువ్వన్న చెప్పు. బువ్వ ముద్ద చేతిలకెళ్లి జారుతున్నది. బండి తాళం ఎడమచేత్తోటి తిప్పుతుండు. దవాఖానకు పోదామంటే, పాట మంచిగొస్తున్నది, నా చెయ్యికేమైందంటడు."

"చెప్తా చెల్లే" అన్నాను. చెప్పలేదు. వరసగా ప్రోగ్రాములున్నాయి, అతను వాయిస్తున్నాడు, నాకు అంతకన్నా ఏం కావాలి?

పెడల్ మీద చిన్న బిరడా ఉంటుంది, మెల్లని మోతను ఎంత పైకి లేపాలో దానితో తిప్పుకోవచ్చు. మొదట్లో అది సగం దగ్గర ఉండేది. దసరా నాటికి ముప్పావుకు వచ్చింది. కార్తీకమాసానికి చివరిదాకా తిరిగిపోయింది. మోతతో పాటు దాని వెనకున్న చెత్తంతా పైకి లేచి, బేస్ కింద ఉస్స్‌మని ఒక చప్పుడు మొదలైంది. వైరు పాడయిందేమో చూడమని తిరుపతికి చెప్పాను. తిరుపతి వైరు మార్చాడు.

మాఘంలో ఒక రిహార్సల్. పాట మధ్యలో కాశీరాం వాయించడం ఆపకుండానే కాలితో పెడల్ ఆపేశాడు. బేస్ మాయమైంది. చూస్తే వేళ్లు కదులుతూనే ఉన్నాయి. లేచి వెళ్లి స్పీకరు దగ్గర చెవి పెట్టాను. ఒక దెబ్బ వినిపించింది, రెండోది లేదు, మూడోది గోరుతో గీకినట్టుంది.

"గిదన్నా నా చెయ్యి. ఇప్పుడన్న ఇన్నవా?" అన్నాడు.

 అతని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడింది. అది చూశాను. చూసి కూడా నేనన్న మాట ఇది: "ఎల్లుండి కోదాడ ప్రోగ్రాం ఉంది కాశీ. అది అయినంక సూద్దాం. పెడల్ వెయ్యి."

వేశాడు. ఎదురు చెప్పే మనిషి కాడు. ఎదురు చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకోవడమంటే నేరాన్ని అతని మీదికి తొయ్యడమే.

కోదాడలో ఓణీల ఫంక్షన్. మధ్యాహ్నం భోజనాలు నడుస్తున్నాయి. రెండో పాట చరణంలో బేస్ పోయింది, ఉస్స్‌మనే చప్పుడు మాత్రం హాలంతా నిండింది. కాశీరాం వంగి ఎడమచేత్తో బిరడా తిప్పబోయాడు. అది ఎప్పుడో చివరికి వచ్చేసింది, ఇంకెక్కడికి తిరుగుతుంది? కుడిచెయ్యి తీగల మీద ఊరికే పడి ఉంది. ఆ డబ్బా ఉన్నదాన్ని పెంచుతుంది గానీ లేనిదాన్ని తేలేదు. దేవిక తడబడి వెనక్కి తిరిగి, "ఏమైందండీ?" అంది. కాశీరాం ఆమె వైపు చూడలేదు. నన్నే చూశాడు. నేను కీబోర్డు మీదికి తల దించుకున్నాను.

మర్నాడు నీలా, నేను అతన్ని సూర్యాపేటలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. స్కానింగులు అయ్యాక డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. "మెడ దగ్గర నరం చాలా కాలంగా నలుగుతోంది. ఆపరేషన్ చేస్తే ఇంతటితో ఆగొచ్చు. పోయిన బలం తిరిగొస్తుందని మాత్రం నేను మాటివ్వలేను. ఎప్పటి నుంచి ఉందిది?"

"ఈమధ్యనే సార్" అన్నాడు కాశీరాం, గోడ వైపు చూస్తూ. నన్ను కాపాడుతున్నాడని అర్థమైంది.

"ఏడాదాయె సార్" అంది నీలా.

"ఈ చేత్తో ఏడాది ఎట్లా వాయించారండీ?"

డాక్టరు నిజంగానే ఆశ్చర్యపోయి అడిగాడు. ముగ్గురం ఉన్నాం, ఎవరికి వాళ్లం నేల చూపులు చూశాం. వాయించింది అతని చెయ్యి కాదని, నేను తెచ్చిన డబ్బా అని చెప్పాల్సినవాణ్ని నేనే. స్కానింగు కాగితాలు కవరులో సర్దుతూ కూర్చున్నాను.

ఆపరేషన్ అయింది. కాశీరాం తండాలోనే ఉంటున్నాడు. రబ్బరు బంతి పిసకమన్నారట, పిసుకుతున్నాడు. బంతి అలాగే ఉంటోందని నీలా చెప్పింది. చొక్కా గుండీలు ఆమే పెడుతుంది. నేను వెళ్లినప్పుడల్లా చాయ్ ఇస్తారు, మర్యాద చేస్తారు, ఒక్కమాట అనరు. నాలుగు తిట్టినా బాగుండు.

మొన్న మిర్యాలగూడలో పగటి పెళ్లి. కొత్త మనిషిని పెట్టుకోవడానికి మనసొప్పలేదు. బేస్ కూడా నేనే కీబోర్డు మీద ఎడమచేత్తో వాయించేశాను. బాగానే వచ్చింది. మర్నాడు పొద్దున పదింటికి కాశీరాం ఫోన్ చేశాడు.

"ప్రోగ్రాం ఎట్లయిందన్నా?"

"అయింది కాశీ."

"మరి బేసో?"

"కీబోర్డుల ఎడమచేత్తోటి లాగిన."

 "నేను రాలేదని ఎవలన్న అడిగిన్రా?" అన్నాడు.

నాలుగైదు వందల మంది వచ్చారు. తిన్నారు, ఎగిరారు, దేవికతో ఫోటోలు దిగారు. స్టేజీ మీద ఒక స్టూలు ఖాళీగా ఉందని ఒక్కరూ అడగలేదు.

"ఎందుకడగలే, అడిగిన్రు" అన్నాను.

అతని గొంతులో ప్రాణం లేచొచ్చింది. "ఎవలన్నా?" అన్నాడు.

ఎవరో ఒకరి పేరు చెప్పాలి కదా. ఒక్క పేరూ నోటికి రాలేదు. ఫోను చెవికి పెట్టుకుని అలాగే నిలబడ్డాను. అవతల కాశీరాం ఇంకా ఎదురు చూస్తున్నాడు.